మొలతాడుకి కట్టిన తాళంచెవి

"తనంతట తానే చేసుకుంటుందండీ" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మధ్య గుంటూరులో బట్టలుతికే మిషను అమ్మే కుర్రవాడు మా ఆవిడతో ఆ మాటే అన్నాడు. వాడు మర్యాదగానే అన్నాడు పాపం, నేనే షాపులోంచి విసురుగా బయటికొచ్చి నిలబడ్డాను. మా ఆవిడకి కారణం తెలుసు కాబట్టి నన్నేమీ అనలేదు. మిషను మాత్రం కొనేసింది.

నేను చాలా ఏళ్ళు డ్రెడ్జరు మీద పనిచేశాను. నది అడుగున పేరుకున్న పూడికని తవ్వి, పీల్చి, గొట్టాల గుండా ఒడ్డున పారబోసే పడవ అది. ముందువైపు నుంచి పొడవాటి ఇనుప చెయ్యి ఒకటి నీళ్ళలోకి దిగుతుంది. దాని చివర పళ్ళున్న ఉక్కు గుండు గిర్రున తిరుగుతూ మట్టిని కోస్తుంది. దాన్ని కట్టరంటారు. కట్టరు వెనకే పంపు నోరు ఉంటుంది. పడవని కుడికీ ఎడమకీ లాగడానికి తాళ్ళు చుట్టిన వించీలు రెండు. వీటన్నిటినీ పైన అద్దాల గదిలో కూర్చుని లివర్లతో నడిపే ఆపరేటర్ని నేను.

మా జాతి గురించి గొప్పలు చెప్పబోవడం లేదు. లివరు ఆపరేటర్లంత డాంబికులు భూమ్మీద ఉండరు. గొట్టంలో పోయే చప్పుడు విని అది ఇసకో ఒండ్రో చెప్తామని మీసాలు తిప్పేవాళ్ళం. అలా తిప్పిన మనిషే మధ్యాహ్నం అన్నం తిన్నాక లివరుకి సైకిలు ట్యూబు ముక్క కట్టేసి, బల్ల మీద గుర్రు పెట్టేవాడు. పడవ దాని ఇష్టం వచ్చినంత దూరం పోయి ఒడ్డుకి గుద్దుకుంటే లేచి, "ఇక్కడ నేల గట్టిగా ఉందండీ" అని ఇంజనీరుకి చెప్పేవాడు. మేం తవ్విన చోట అడుగున ఒక పక్క గొయ్యి, ఒక పక్క దిబ్బ. పైన నీళ్ళు కప్పేస్తాయి కాబట్టి మా పరువు దక్కుతూ వచ్చింది. అందుకని కంప్యూటరు వచ్చి నా కళని చంపేసిందని ఏడ్చే రకం కాదు నేను. అక్కడ చావడానికి పెద్ద కళేమీ లేదు.

మాకున్న మంచి అలవాటు ఒక్కటే. అది చెప్పాలంటే ముందు మా నీటి మనిషి గురించి చెప్పాలి.

కట్టరుకి ఏదైనా చుట్టుకుంటే అది తిరగదు. అప్పుడు ఒక మనిషి ఇనుప చేతిని పట్టుకుని నీళ్ళలోకి దిగి, ఊపిరి బిగబట్టి, ఆ పళ్ళ మధ్య చేతులు పెట్టి తీయాలి. ఆ పని చేసేవాడు ఒడ్డున జాలర్ల పేటలో ఉండేవాడు. నోరు మహా దురుసు. కాంట్రాక్టర్నీ, ఇంజనీర్నీ, నన్నూ ఒకే రకంగా తిట్టేవాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవాడు. చర్చికొచ్చేవాడి నడుముకి మొలతాడెందుకు, తెంపెయ్యమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. "లుంగీ నిలబడాలిగా అయ్యగారూ, ప్రభువు వచ్చి పట్టుకుంటాడా?" అన్నాడట. పాస్టరుగారు కూడా నవ్వేసి ఊరుకున్నారని వాడే చెప్పాడు.

నీళ్ళలోకి దిగే ముందు వాడు పైకి నా గదిలోకి వచ్చి, కట్టరు లివరు మీద తన తువ్వాలు వేసేవాడు. మళ్ళీ పైకొచ్చి తన చేత్తో తాను తీసుకునేదాకా ఆ లివర్ని ఎవరూ ముట్టుకోకూడదు. అలా అని ఎవరూ రూలు పెట్టలేదు. కాంట్రాక్టరు గదిలోకి వచ్చినా ఆ తువ్వాలు చూసి వెనక్కి తగ్గేవాడు. ఆ గదిలో మేం నిజంగా గౌరవించిన వస్తువు అదొక్కటే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ కరువేళ్ళలో, మా డ్రెడ్జర్ని పల్నాడు అంచున కృష్ణలోకి తెచ్చారు. అక్కడొక ఎత్తిపోతల పథకం ఉంది. నది నుంచి పంపుల దాకా నీళ్ళు తెచ్చే కాలువ పూర్తిగా పూడిపోయింది. పైన మెట్ట మీద మిరపా పత్తీ వేసిన ఊళ్ళన్నీ ఆ నీళ్ళ కోసమే కూర్చున్నాయి. ఇక్కడే ఆ రైతుల సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు ఎండా కాలాల్లో ఎవరికి వాళ్ళు తమ ఆయిలింజను ముందు నాలుగు నీళ్ళు నిలవాలని, యూరియా గోతాల్లో ఇసక నింపి కాలువకి అడ్డం పేర్చారు. వరదొచ్చినప్పుడు అవన్నీ ఇసక కిందికి పోయాయి. ఎవరూ తీసిన పాపాన పోలేదు. ఇప్పుడా గోతాలే మా కట్టరుకి చుట్టుకుంటుంటే, వాటిని వేసిన పెద్దమనుషులే ఒడ్డున తుమ్మచెట్టు నీడలో కూర్చుని, పని నత్తనడక నడుస్తోందని మమ్మల్ని అమ్మనా బూతులు తిట్టేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే మా కాంట్రాక్టరుకి ఆధునికత పట్టుకుంది. ఆయన ఎక్కడో ఏదో ఎగ్జిబిషన్‌లో చూశాడట. డ్రెడ్జరుకి కంప్యూటరు పెట్టిస్తే అధికారుల దగ్గర పేరొస్తుందని, తరవాతి టెండరు తనకే వస్తుందని లెక్క వేసుకున్నాడు. ఒక రోజు పొద్దున్నే హైదరాబాదు నుంచి ఎక్స్‌పర్టు ఒకడు దిగాడు. తెల్ల బూట్లు వేసుకుని ఒండ్రులోకి వచ్చిన మొదటి మనిషి అతనే. నా కుర్చీలో తన సంచీ పెట్టి, నన్ను నిలబడమన్నాడు. నా లివర్లన్నీ పీకించి, వాటి చోట ఒక పెట్టె, పెట్టె మీద రంగురంగుల తెర బిగించాడు. పీకేసిన లివర్లలో ఒకటి వంటమనిషి పొయ్యి ఎగదొయ్యడానికి తీసుకెళ్ళాడు. అది చూసి నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ నేను దాంతో చేసిన పనికన్నా వాడు చేసిన పని మేలనిపించిన రోజులు కూడా ఉన్నాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఒట్టి ఇసకలో ఆ పెట్టె బాగానే పనిచేసింది. పంపు ఎంత గట్టిగా పీలుస్తోందో చూసుకుని, పడవని ఎంత జోరుగా లాగాలో అదే నిర్ణయించేది. అడుగు చదునుగా తెగేది. అన్నం తిని నిద్రపోయేది కాదు. ఎక్స్‌పర్టు చేతులు కట్టుకుని నావైపు చూసి నవ్వేవాడు. నేను తెరవైపు చూసి ముక్కు ఎగబీల్చేవాణ్ణి. అంతకుమించి నేను చేయగలిగింది లేదు.

మళ్ళీ గోతాలున్న చోటికి చేరాక వచ్చింది తంటా. మొదటి గోతాం చుట్టుకోగానే పెట్టె కట్టర్ని ఆపేసింది. కాస్సేపు ఆగి వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది. ఎక్స్‌పర్టు మురిసిపోతూ, "చూశారా, అడ్డు తొలగిందో లేదో తనంతట తానే మళ్ళీ ట్రై చేసి చూసుకుంటుంది. తొలగిందంటే స్టార్ట్ అయిపోతుంది. మనం ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు.

మా నీటి మనిషి తువ్వాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అది వెయ్యడానికి లివరు లేదు. తెర మీద వేస్తే జారి కింద పడింది.

"సారూ, అడ్డు తొలగించేది నేనేగా?" అన్నాడు.

"అవును."

"తొలగిందని దానికి తెలిసినప్పుడు నా చేతులెక్కడుంటాయండీ?"

ఎక్స్‌పర్టు ఒక్క క్షణం తెరవైపు చూసి, "అందుకే పెట్టెకి తాళం ఇచ్చాం. తాళం తిప్పి ఆఫ్ చేస్తే కట్టరు తిరగదు" అన్నాడు.

"అయితే ఆ తాళంచెవి నాకివ్వండి."

కాంట్రాక్టరు గట్టిగా నవ్వాడు. "ఏరా, కంప్యూటరు తాళం పట్టుకుని నదిలోకి దూకుతావా? పోతే మీ తాత తెస్తాడా? అవతల ఇంజను నడుస్తూనే ఉంటది, తాళం బల్ల మీదుంటది, నేనిక్కడ ఉంటా. మనిషి మాట మీద నమ్మకం లేదా?"

"ఇంజను కూడా ఆపెయ్యండి, మీ మాట నమ్ముతా."

ఆ ఒక్కటీ ఆయన ఒప్పుకోడు. ఇంజను ఆపితే పంపులో నీళ్ళు జారిపోతాయి. మళ్ళీ నింపి, గాలి తీసి, ఎత్తుకోవడానికి పూట పడుతుంది. ఒక మనిషి రెండు చేతుల కోసం ఒక పూట పని పోగొట్టుకునే కాంట్రాక్టర్ని నా సర్వీసులో నేను చూడలేదు.

నీటి మనిషి కూడా మొండివాడే. పడవ అంచున బీడీ వెలిగించి కూర్చున్నాడు. ఒడ్డు మీంచి రైతులు అరిచారు, కాంట్రాక్టరు అరిచాడు, ఎక్స్‌పర్టు తన గడియారం చూసుకున్నాడు. ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. చివరికి కాంట్రాక్టరు తాళంచెవి తీసి వాడి ముందు విసిరేసి, "కట్టుకో, మెళ్ళో కట్టుకో, పెళ్ళవుతుంది" అన్నాడు. వాడు మెళ్ళో కట్టుకోలేదు. లుంగీ పక్కకి తీసి మొలతాడుకి రెండు ముళ్ళు వేసి కట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడూ నవ్వి, "పాస్టరుగారికి చెప్పాలన్నా, దీనికి పని దొరికిందని" అంటూ నీళ్ళలోకి జారిపోయాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కట్టరు ఆగితే నేను పెట్టె తాళం తిప్పి చెవి వాడికిచ్చేవాణ్ణి. వాడది నడుముకి కట్టుకుని దిగేవాడు. తెర నల్లగా ఉండేది. వాడు గోతాంతో పైకి వచ్చి చెవి విప్పి నా చేతికిచ్చాకే తెర వెలిగేది. పాత తువ్వాలుకన్నా ఇదే మంచిదని నాకనిపించింది. తువ్వాలుని గాలి ఎగరగొట్టొచ్చు, తాళంచెవి నది అడుగున ఉంటే ఎవడేం చేయగలడు అనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి నేను. అగ్గిపెట్టంత తాళం కొన్నా షాపువాడు రెండు చెవులు ఇస్తాడని ఊళ్ళో ప్రతి ఇంట్లో తెలుసు. మా పడవ మీద ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు. వచ్చినవాడు ఒక్కడున్నాడు, వాడు బయటికి చెప్పలేదు.

కొన్ని వారాలకి పైనుంచి ఇంజనీర్లు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. కాంట్రాక్టరు ఆ పొద్దున పడవంతా కడిగించాడు. గదిలో అగరొత్తులు వెలిగించాడు. తెరకి బొట్టు కూడా పెట్టబోతే ఎక్స్‌పర్టు అడ్డం పడ్డాడు. జీపులు రానే వచ్చాయి. సరిగ్గా అవి కట్ట ఎక్కుతుండగా కట్టరు ఆగిపోయింది.

నీటి మనిషి నాకేసి చూశాడు. నేను తాళం తిప్పి చెవి ఇచ్చాను. వాడు నడుముకి కట్టుకుని దిగాడు. తెర నల్లబడింది.

పెద్ద ఇంజనీరుగారు ఇద్దరు చిన్న ఇంజనీర్లతో గదిలోకి వచ్చారు. నల్ల తెర ముందు నిలబడి, "ఏదయ్యా మీ కంప్యూటరు?" అన్నారు.

"ఒక్క నిమిషం సార్, చిన్న మెయింటెనెన్సు" అన్నాడు కాంట్రాక్టరు.

"మేం మళ్ళీ వినుకొండ వెళ్ళాలి. అక్కడ భోజనాలు పెట్టారు."

అంతే, ఆ మాటకి మా కాంట్రాక్టరుకి మతిపోయింది. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసిన చేతిలో తాళంచెవి ఉంది. కొత్తది, ఇంకా కంపెనీ దారం కూడా తియ్యలేదు. నేను చూస్తుండగానే దాన్ని పెట్టెలో దూర్చాడు.

ఎక్స్‌పర్టు అతని మోచేతి దగ్గరే ఉన్నాడు. "సర్, ఆన్ చేస్తే అది మళ్ళీ ట్రై చేస్తుంది సర్" అన్నాడు, బస్సు ఆలస్యంగా వస్తుందని చెప్పినట్టుగా.

"తెర వెలిగితే చాలయ్యా. కట్టరు తిరగనియ్యకు."

"అలా కుదరదు సర్" అన్నాడు ఎక్స్‌పర్టు, ఇంకా మెల్లగా. అని ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. తన పని తాను చేసేసినట్టు.

నేను రెండు చేతులతో కాంట్రాక్టరు మణికట్టు పట్టుకున్నాను. నా బరువంతా వేసి పెట్టె మీదికి ఒరిగాను. ఆయన రెండో చేత్తో నా జుట్టు పట్టుకుని లాగాడు. "వదల్రా! ఎవరి ముందు ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" అని అరిచాడు. "లోపల మనిషున్నాడు" అని నేనరిచాను. మిగిలినదంతా కోపంలో బూతులే వచ్చాయి. ఆ గదిలో మేమిద్దరం కాక ఇంకా నలుగురు చదువుకున్నవాళ్ళున్నారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. పెద్ద ఇంజనీరుగారు మాత్రం, "ఏంటయ్యా ఈ గొడవ, మాకు టైమవుతోంది" అన్నారు. ఆయన గొంతులో ఉన్నది విసుగు. భయం కాదు, అడుగున ఉన్న మనిషి గురించి ప్రశ్న కాదు, అచ్చంగా విసుగు. ఆ గొంతుని నేను ఇన్నేళ్ళయినా క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. నిచ్చెన మీద తడి కాళ్ళ చప్పుడయింది. నీటి మనిషి భుజాన చిరిగిన యూరియా గోతాం వేసుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. మా చేతులు చూశాడు. పెట్టెలో ఉన్న తాళంచెవి చూశాడు. తరవాత తల వంచి తన నడుము చూసుకున్నాడు.

నోటికి అంత పదునున్న మనిషి, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. గోతాం కింద పడేసి, మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళకి నాని ముడి బిగిసిపోయింది. అందరం చూస్తూ నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. చివరికి ముడి ఊడింది. ఆ చెవిని తీసి పెట్టె మీద, రెండోదాని పక్కన పెట్టాడు.

"ఇంద, దీన్ని కూడా మీ దగ్గరే ఉంచండి. జత చెడగొట్టడం దేనికి" అన్నాడు.

గొట్టం నీళ్ళ మీద తేలడానికి కింద కట్టిన పీపాల మీద నడుచుకుంటూ ఒడ్డుకి వెళ్ళిపోయాడు. రైతులు లేచి అడ్డం వెళ్ళారు. "ఏరా, ఎక్కడికి? ఇంకా గోతాలున్నాయిగా లోపల?" అని ఒకడు గద్దించాడు.

"మీరేసినయ్యేగా. దిగి తెచ్చుకోండి" అన్నాడు వాడు, ఆగకుండానే.

మిరప ఎండిపోతోందని గొంతు చించుకున్న ఊళ్ళకి ఊళ్ళు ఆ ఒడ్డునే ఉన్నాయి. ఒక్కడూ పంచె ఎగ్గట్టలేదు.

కాంట్రాక్టరు నన్ను ఆ రోజే తీసెయ్యలేదు. తెర మొరాయిస్తే పడవని ఎలాగోలా నడపడానికి ఇంకో మనిషి లేడు మరి. పైగా సాయంత్రం టీ తాగుతూ, "పోనీలే, ఆవేశంలో చేశావు, నేను మనసులో పెట్టుకోను" అన్నాడు. ఆయన నన్ను క్షమిస్తున్నాడన్నమాట! టీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.

వారం తిరక్కుండా చీరాల వైపు సముద్రపు ఒడ్డు నుంచి కొత్త నీటి మనిషిని తెచ్చారు. ముప్ఫై దాటని వయసు, తక్కువ మాటలు. అతను వచ్చిన పొద్దున కాంట్రాక్టరు ఒడ్డున ఉన్న రైతుల్నీ పడవ మీద పనివాళ్ళనీ అందర్నీ పిలిచాడు. జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తి అందరికీ చూపించాడు.

"మా దగ్గర మనిషి ప్రాణం ముందు, తరవాతే పని. ఇది నేను పెట్టిన రూలు. చెవి నీ మొలతాడుకుంటే ఇక్కడ దేవుడు కూడా మిషను తిప్పలేడు" అని, తానే వంగి తన చేత్తో ఆ కొత్తవాడి నడుముకి కట్టాడు. తండ్రి కొడుక్కి కట్టినంత ముద్దుగా కట్టాడు. ఎక్స్‌పర్టు చప్పట్లు కొట్టాడు. రైతులు కూడా కొట్టారు.

నేను అందరి మధ్యలోంచి ముందుకి వెళ్ళి ఆ కొత్తవాడి ఎదురుగా నిలబడ్డాను.

"తమ్ముడూ, దిగే ముందు ఒక్క మాట అడుగు. రెండో చెవి ఎవరి దగ్గరుందో అడుగు" అన్నాను.

అతను నన్నొకసారి చూసి, కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

"రెండోది ఎవరి దగ్గరుందండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు.

కాంట్రాక్టరు నవ్వబోయాడు. కానీ చెయ్యి చొక్కా జేబుని గట్టిగా మూసి పట్టుకుంది, లోపలున్నది ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. అందరం ఆ చెయ్యి చూశాం. కొత్తవాడూ చూశాడు.

తరవాత వంగి, నీళ్ళలోకి దిగడానికి విప్పిన చొక్కా తీసి మళ్ళీ తొడుక్కున్నాడు.